తాతాజీ చెప్పిన కరెంటు బండి

తణుకు నుంచి నిడదవోలు వెళ్ళే దారిలో ఒకచోట రోడ్డుకి ఒక పక్క కాలువ, రెండో పక్క తాతాజీ షెడ్డు. షెడ్డుకి బోర్డు లేదు. నాలుగు ఇనప స్తంభాలు, పైన రేకులు, వెనక ఒక ఇటుక గోడ. గోడ మీద ముప్ఫై ఏళ్ళ నల్లనూనె చేతి గుర్తులు. పొద్దున పూట కాలువ మీద పడ్డ ఎండ రేకుల కింద అలలు అలలుగా కదులుతూంటే, జాకీ మీద ఎత్తిపెట్టిన కారు నీళ్ళలో తేలుతున్నట్టే ఉంటుంది.

తాతాజీకి యాభై రెండేళ్ళు. బక్క మనిషి. ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకి వాల్చి ఉంటాడు. నిజంగానే వింటూ ఉంటాడు. బండి మలుపు తిరగకముందే అది ఎవరిదో చెప్పేస్తాడు. "అత్తిలి డాక్టరుగారండి. వెనక చక్రం బేరింగు ఏడుస్తోంది. వచ్చే వారం దిగబడతారు చూడండి" అంటాడు. వచ్చే వారం డాక్టరుగారు దిగబడతారు.

చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు కారు కొనాలన్నా ముహూర్తం కంటే ముందు తాతాజీని అడుగుతారు. అడగడమంటే దారిన పోతూ అడగడం కాదు. షోరూముకి వెళ్ళే రోజున అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళతారు. ఇంటి పెద్దలు వెనక సీట్లో సర్దుకుంటారు. అక్కడ తాతాజీ బానెట్ ఎత్తించి, ఇంజను స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని వింటాడు. "తీసుకోండి" అంటే తీసుకుంటారు. "ఒద్దండి" అంటే, రంగు బాగుందని పిల్లలు ఎంత గోల పెట్టినా వెనక్కి వచ్చేస్తారు. ఆ మాట చెప్పినందుకు అతను టీ తప్ప ఏమీ పుచ్చుకోడు. ఇన్నేళ్ళలో ఒక్క బండి విషయంలోనూ అతని నోట అబద్ధం రాలేదు. ఆ మాటే అతని షెడ్డుకి బోర్డు. ఆ మాట చూసే జనం తమ బళ్ళు తెచ్చి అతని చేతుల్లో పెడతారు.

అలాంటి తాతాజీ తొమ్మిదేళ్ళుగా ఒక్క బండికి మాత్రం వీపు చూపిస్తూ వచ్చాడు.

అది మురళీకృష్ణ డీజిలు బండి. పాతిక ఎకరాల వరి, చెరకు ఉన్న ఆసామీ. ఆయన ఊరు షెడ్డుకి మూడు కిలోమీటర్లు. ఆ బండికి ఒక రకం గొంతు ఉంది. గేరు మార్చినప్పుడల్లా, గొంతులో కఫం అడ్డుపడిన ముసలాడిలా ఒకసారి సకిలించి ముందుకి ఉరుకుతుంది. ఆ సకిలింపు కాలువ వంతెన దగ్గర వినబడగానే తాతాజీ చేతిలో పని ఉన్నా లేకపోయినా రోడ్డుకి వీపు పెట్టి, ఇటుక గోడ వైపు తిరిగిపోతాడు. బండి వెళ్ళిపోయి, దాని పొగ కాలువ మీద విడిపోయేదాకా అలాగే ఉంటాడు. రోజుకి రెండుసార్లు. ఒక్కోరోజు నాలుగు. ఆ మనిషి ముఖం చూడకుండా బతకడమే తాతాజీ వేసిన శిక్ష. అది మురళీకృష్ణకి తెలుసో లేదో తాతాజీకి తెలియదు. తెలుసుననే అనుకుంటూ వచ్చాడు.

తొమ్మిదేళ్ళ కిందట ఆ బండి ఇంజను విప్పి బోరు చేయించి కూర్చింది తాతాజీయే. తాళం చేతికిస్తూ, "వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా అరవై దాటించకండి బాబుగారూ. పసిపిల్ల లాంటిదండి" అని రెండుసార్లు చెప్పాడు. మురళీకృష్ణ మూడో రోజునే బావమరిదికి సంబంధం చూడడానికి ఇంటిల్లపాదినీ ఎక్కించుకుని, నూట పది మీద రాజమహేంద్రవరం పరుగెత్తించాడు. కొవ్వూరు దాటి రోడ్డు కం రైలు వంతెన మధ్యకి వచ్చేసరికి ఇంజను పట్టేసి బండి ఆగిపోయింది. పట్టుచీరల ఆడవాళ్ళు, పళ్ళ బుట్టలు, సఫారీ వేసుకున్న పెద్దమనుషులు, అందరూ గోదావరి గాలికి నిలబడ్డారు. కింద రైళ్ళు వెళుతూంటే కాళ్ళ కింద వంతెన వణికింది. దాటుకుంటూ పోయే ప్రతి బస్సులోంచీ తలలు బయటికొచ్చి చూశాయి. ముహూర్తం దాటిపోయింది. సంబంధం తప్పిపోయింది.

మర్నాడు పొద్దున్నే మురళీకృష్ణ నలుగుర్ని వెంటేసుకుని షెడ్డుకి వచ్చాడు.

"దొంగ సామాను వేశావు కదరా! అసలు సామాను ఎవడికి అమ్ముకున్నావురా?"

"అరవై దాటించద్దని చెప్పానండి. మీరు ఎంతమీద..."

మాట పూర్తి కానివ్వలేదు. మురళీకృష్ణ తాతాజీ సామాన్ల పెట్టె ఎత్తి రోడ్డు మీద బోర్లించాడు. పానాలూ, సుత్తులూ, కటింగు ప్లేయర్లూ తారు మీద దొర్లాయి. బస్సు ఆగింది. షెడ్డుకి బళ్ళు తెచ్చినవాళ్ళు చూస్తున్నారు. నలుగురూ పెట్టెలోనూ, షెడ్డులోనూ, చివరికి అన్నం కారియర్ లోనూ వెతికారు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు మురళీకృష్ణకి ఇంకా కోపం వచ్చింది. కాళ్ళ దగ్గరున్న పానాని చెప్పుకాలితో తన్ని వెళ్ళిపోయాడు.

అది పద్నాలుగు-పదిహేను పానా. తాతాజీకి పని నేర్పిన మేస్త్రి, చేయి వణకడం మొదలైన రోజున పిలిచి, అరచేతిలో పెట్టి వేళ్ళు మూసినది. ఆ పానా రోడ్డు దాటి, గట్టు గడ్డిలో ఒకసారి మెరిసి, కాలువలో పడింది. చిన్న చప్పుడు. ఇన్ని వేల ఇంజన్లు విన్న చెవిలో ఆ చప్పుడు మాత్రం ఇంకా ఆగలేదు.

ఏటా వేసవిలో కాలువ కట్టేస్తారు. నీళ్ళు లాగేసి, అడుగున బురద పగుళ్ళిచ్చే ఆ రోజుల్లో తాతాజీ లుంగీ ఎగగట్టి కాలువలోకి దిగుతాడు. చేతులతో బురద కలుపుతాడు. నత్తగుల్లలూ, సీసా పెంకులూ, ఎవరిదో కాలి మట్టె, ఒక ఏడాది వినాయకుడి చెయ్యి దొరికాయి. పానా దొరకలేదు. మోకాళ్ళదాకా బురదతో గట్టెక్కి వచ్చినప్పుడు అతని కళ్ళు చూసి భార్య రామతులసి బిందెడు నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోస్తుంది. ఆ నీళ్ళతో బురద పోతుంది. మిగతాది పోదు.

మురళీకృష్ణ భార్య శ్రీదుర్గ ఒకసారి సంతలో రామతులసిని ఆపి, "మా ఆయన నోరు మంచిది కాదమ్మా. తాతాజీ గారిని ఏమీ అనుకోవద్దన్నానని చెప్పు" అంది. రామతులసి వచ్చి ఆ మాట చెప్పింది.

"ఆవిడ మంచిదే. కానీ ఆ మాట ఆయన నోటినుంచి రావాలి" అన్నాడు తాతాజీ.

తొమ్మిదేళ్ళలో రాలేదు.

మొన్న మాఘమాసంలో, చెరకు ఆడే రోజులు. తణుకు వైపు నుంచి గాలి వీస్తే బెల్లప్పాకం మాడిన తీపి వాసన షెడ్డుదాకా వచ్చి నిలబడుతోంది. కాలువ వంతెన దగ్గర సకిలింపు వినబడింది. తాతాజీ గోడ వైపు తిరిగాడు. శబ్దం దగ్గరకొచ్చింది. దాటిపోవాల్సిన చోట దాటలేదు. షెడ్డు ముందు నెమ్మదించి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

"ఏం తాతాజీ, బావున్నావా?"

తాతాజీ గోడ మీద చేతి గుర్తుల్ని చూస్తూ నిలబడ్డాడు.

"నీతో పనుండి వచ్చానయ్యా. ఇటు తిరుగు మరి. వీపుతో ఏం మాట్లాడతాను?"

తిరిగాడు. మురళీకృష్ణ ముఖం ముసలిదైంది. మీసం తెల్లబడింది. తన కోపం చూస్తూ ఉండగా ముసలిదవ్వాల్సిన ముఖం, తను చూడకుండా ముసలిదైపోయినందుకు తాతాజీకి ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది.

మురళీకృష్ణ చేతిలో రెండు రంగుల పుస్తకాలున్నాయి. వాటిని ఇనప బల్ల మీద పరిచి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఈ బండి పని అయిపోయింది. కొత్తది తీసుకోవాలి. ఇదిగో, ఇది పూర్తిగా కరెంటుది. ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జింగు చేసుకోవడమే. ఇదేమో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంట. కొంతదూరం కరెంటు మీద వెళుతుంది, అది అయిపోతే పెట్రోలు ఇంజను అందుకుంటుంది. మావాడు గణేష్‌బాబు ఇదంటాడు, మా ఆవిడ అదంటుంది. నాకు బుర్ర తిరిగిపోతోంది. ఊళ్ళో అందరూ ఒకటే మాట, తాతాజీని అడగండి, తాతాజీని అడగండి అని."

"ఎంత తిరుగుతారండి?" అన్నాడు తాతాజీ. తన గొంతు తనకే ఎక్కడో దూరంగా వినబడింది.

"రోజూ తణుకు. మంగళవారం మంగళవారం పెద్దాపురం. మా అత్తగారికి ఒంట్లో బాగోదు కదా, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తాం. రానూపోనూ రెండొందల కిలోమీటర్లకి కొంచెం తక్కువ."

"ఇంట్లో కరెంటు?"

"ఉంటుంది. గాలివాన వస్తే పోతుంది. పోతే రెండు రోజులు రాదు, నీకు తెలియందేముంది."

తాతాజీ బుర్రలో జవాబు అప్పుడే తయారైపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఎప్పుడూ అలాగే వస్తుంది జవాబు, పిలవకుండా. వారం వారం దూరప్రయాణం, మధ్యలో గోదావరి, గాలివాన వస్తే కరెంటు పోయే ఊరు. ఈ మనిషికి ఇంజను ఉండి తీరాలి. హైబ్రిడ్డే. ఇంకెవరైనా అడిగుంటే ఆ మాట ఈపాటికి నోట్లోంచి వచ్చేసేది.

మురళీకృష్ణ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. కాలువ వైపు చూశాడు. "అది సరే తాతాజీ, ఆ రోజు నేను..." అన్నాడు.

షెడ్డులో గాలి నిలిచిపోయింది. తాతాజీ తల పక్కకి వాలింది. తొమ్మిదేళ్ళుగా ఏ చప్పుడు కోసం ఆ చెవి కాచుకుని ఉందో, అది మలుపు దాకా వచ్చింది.

మురళీకృష్ణ జేబులో ఫోను మోగింది. "ఆ, చెప్పు. ఎన్ని బళ్ళ చెరకు? సరే సరే, వస్తున్నా." ఫోను జేబులో పెట్టి లేచాడు. "ఎల్లుండి రాజమండ్రి వెళదాం. నువ్వు ముందు సీట్లో. ఆయ్? పాత సంగతులు ఇప్పుడెందుకులే."

సకిలించుకుంటూ బండి వెళ్ళిపోయింది. వచ్చిన మాట మలుపు దగ్గరే వెనక్కి తిరిగిపోయింది.

ఆ సాయంత్రం రామతులసి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏం చెబుతారు?"

"కరెంటుది తీసుకోమంటాను."

"అదే మంచిదా?"

తాతాజీ అన్నం కలుపుతూ నవ్వాడు. ఆ నవ్వు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. "వంతెన మీద ఆగాలి రామతులసీ. అదే వంతెన. కింద రైలు వెళుతూ ఉండాలి. ఈసారి తిట్టడానికి ఇంజనే ఉండదు. తోసుకుంటూ పోదామన్నా అంత బరువు కదలదు. పక్కన బస్సులోంచి జనం చూడాలి."

"ఆ బండిలో ఆవిడ కూడా ఉంటుందండీ."

తాతాజీ కలిపిన అన్నమే మళ్ళీ కలిపాడు.

"మనకి పొలమా, పుట్రా? ఉన్నదల్లా మీ మాట. రేపు ఆ బండి ఆగితే ఆయన పరువొక్కటే పోతుందనుకుంటున్నారా? తాతాజీ చెప్పాడనే కదా కొన్నాం అంటారు."

"పోతే పోనీ."

"ఏంటి పోనిచ్చేది? ఆయన మీద కోపంతో మన బోర్డు మనమే పీకేసుకోవడమా?"

"పెరుగు వెయ్యి" అన్నాడు తాతాజీ.

రాజమహేంద్రవరం షోరూములో రెండు బళ్ళూ పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. అద్దాల గోడల్లోంచి ఎండ వాటి మీద పడి నీళ్ళలా జారుతోంది. మధులత అనే అమ్మాయి చెవిలో పోగులు ఊగుతూంటే గడగడా చెప్పుకుపోయింది. తాతాజీ హైబ్రిడ్ బానెట్ ఎత్తించాడు. స్టార్టు చేయమన్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల ఎక్కడో పెట్రోలు ఇంజను మెల్లిగా, చదువుకున్న పిల్లలా, తన పని మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుని విన్నాడు. చక్కటి ఇంజను. వంక పెట్టడానికి లేదు.

రెండో బండి బానెట్ ఎత్తారు. ఇంజను ఉండాల్సిన చోట ఒక మూత. మూత తీస్తే లోపల ఖాళీ డబ్బా.

"ఇది సామాన్లు పెట్టుకోడానికండి. కూరగాయలు పెట్టుకోవచ్చు" అంది మధులత.

"స్టార్టు చేయండమ్మా."

"అయిందండి సార్. స్టార్టయ్యే ఉంది."

తాతాజీ డబ్బా మీద చెవి ఆనించాడు. ఏమీ లేదు. గుండె లేని చోట చెవి పెట్టినట్టుంది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఒక బండి అతనితో మాట్లాడలేదు. ఇది దారి మధ్యలో చచ్చిపోయే రకమేనని నమ్మకం గట్టిపడింది. ఆ నమ్మకం లోపల, మాఘమాసపు గాలిలో తేలి వచ్చే ఆ పాకం వాసనంత తియ్యగా ఉంది.

శ్రీదుర్గ పక్కకి వచ్చి నిలబడింది. చేనేత చీర, చేతిలో చిన్న నీళ్ళ సీసా. గొంతు తగ్గించి అడిగింది.

"తాతాజీ గారూ, మా ఆయనా, మావాడూ లక్ష చెబుతారు. వారం వారం మా అమ్మ దగ్గరికి వెళ్ళేది నేను. మీ సొంత చెల్లెలైతే ఏది తీసుకోమంటారు?"

ఎవరూ అలా అడగరు. బండి బాగుందా, మైలేజీ వస్తుందా అని అడుగుతారు. తాతాజీ ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ వెనక, అద్దం అవతల మురళీకృష్ణ ఫోనులో ఎవరితోనో నవ్వుతున్నాడు. చెప్పుకాలు నేలమీద టకటకా ఆడిస్తున్నాడు. అదే కాలు.

"కరెంటుదేనమ్మా. మా చెల్లెలికైనా అదే చెబుతాను" అన్నాడు తాతాజీ.

ముప్ఫై ఏళ్ళుగా నిజం చెప్పిన గొంతే అది. తేడా ఏమీ లేదు.

ఉగాదికి బండి వచ్చింది. తెల్లటి బండి. ఆ రోజు నుంచి తాతాజీ మంగళవారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పొద్దున ఎనిమిదికల్లా వాళ్ళు బయల్దేరతారు. తొమ్మిదిన్నరకి గోదావరి వంతెన. తొమ్మిదిన్నర అయ్యేసరికి చేతిలో పని ఆపి, ఫోను ఇనప బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చునేవాడు. ఎవరో ఒకరు ఫోను చేస్తారు. "విన్నావా తాతాజీ, మురళీకృష్ణగారి బండి..." ఆ తర్వాత మాట ఎలా ఉండాలో రకరకాలుగా ఊహించుకునేవాడు. ఒకసారి వాన పడుతూ ఉండేది. ఒకసారి మండుటెండ. ఒకసారి మురళీకృష్ణ బండి తోస్తూ చెప్పు తెగి ఒంటికాలి చెప్పుతో నడుస్తూ ఉండేవాడు. ఫోను మోగేది. ఎవరికో బ్రేకులు పనిచేయడం లేదని.

చైత్రం పోయింది. కాలువ కట్టేశారు. తాతాజీ దిగి వెతికాడు, పదో ఏడు. ఏమీ దొరకలేదు. ఆషాఢం వచ్చింది. మరిడమ్మ జాతరకి మురళీకృష్ణ పదిమంది చుట్టాల్ని రెండు విడతలుగా పెద్దాపురం తిప్పాడు. బండి ఆగలేదు.

శ్రావణంలో గాలివాన వచ్చింది. కొబ్బరిచెట్లు తీగల మీద పడ్డాయి. మూడు మండలాలకి కరెంటు పోయింది. తాతాజీ రేకుల కింద నిలబడి, ఆకాశాన్ని చుట్టాన్ని చూసినట్టు చూశాడు. ఒక రోజు. రెండు రోజులు. మంగళవారం రానే వచ్చింది. ఈసారి తప్పదు. ప్లగ్గులో కరెంటు లేదు, కదలాలంటే కదలలేడు.

మధ్యాహ్నం రామతులసి వచ్చింది. చేతిలో ఫోను వెలుగుతోంది.

"చార్జింగు ఎక్కడిది?" అన్నాడు తాతాజీ.

ఆవిడ ఫోను కొంగుతో తుడిచింది. "శ్రీదుర్గమ్మగారింట్లో పెట్టించుకొచ్చానండి. వాళ్ళకి ఫాను తిరుగుతోంది. ఆ కారులోంచి వైరు లాగి ఇంట్లోకి ఇచ్చారు. ఊళ్ళో సగంమంది ఫోన్లు అక్కడే ఉన్నాయి."

"కారులోంచా?"

"ఆయ్. కారులోంచి ఇంటికి కరెంటు. అయినా ఇంకా సగం ఉందంట. ఈ వారం పెద్దాపురం మానేశారు గానీ, కావాలంటే వెళ్ళి రావచ్చంట."

తాతాజీ భార్య చేతిలో ఫోను చూశాడు. నూటికి నూరు. ఆ పచ్చటి గుర్తు చూస్తూంటే తన ఇంట్లో తన శత్రువు దీపం వెలిగించి వెళ్ళినట్టుంది. ఆ ఫోను రెండు రోజులు ముట్టుకోలేదు.

అయితే అసలు నష్టం ఇంకోచోట జరిగింది. అది అతనికి మెల్లిగా తెలిసింది.

తెల్లబండికి గొంతు లేదు. కాలువ వంతెన దగ్గర వినబడదు. మలుపులో వినబడదు. తాతాజీ కార్బొరేటర్ కడుగుతూ తలెత్తితే ఎదురుగా ఉంటుంది. టీ గ్లాసు దించుకుంటే ఉంటుంది. టైరు కింద కంకర నలిగిన చిన్న చప్పుడు వినబడేలోగా, గోడ వైపు తిరిగేలోగా, అద్దంలోంచి మురళీకృష్ణ ముఖం నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్ళిపోతుంది. తొమ్మిదేళ్ళు ఆ ముఖాన్ని చూడాలో వద్దో తేల్చింది తన చెవి. ఇప్పుడు ఆ ముఖం ఇష్టమొచ్చినప్పుడు వస్తోంది. వీపు చూపించే అదను లేదు. ఉన్న ఒక్క శిక్షనీ తన నోటితో తనే రద్దు చేసుకున్నాడు.

కార్తీకంలో ఒక పొద్దున, మంచు ఇంకా కాలువ మీద నుంచి లేవకముందు, తాతాజీ ముందు టైరు బిగిస్తూ గొంతుకూర్చుని ఉన్నాడు. వెనక బండి తలుపు తెరుచుకున్న చప్పుడు. తిరిగి చూస్తే తెల్లబండి. మురళీకృష్ణ దిగాడు, చేతిలో కాజాల పెట్టె. శ్రీదుర్గ లోపలే, కిటికీ అద్దం దించి కూర్చుంది. మంగళవారం.

"తాతాజీ! నోరు తీపి చేసుకో. మా అత్తగారు లేచి నడుస్తోంది." పెట్టె బల్ల మీద పెట్టాడు. "నీ మాట విని బాగుపడ్డానయ్యా. గణేష్‌బాబు మాట విని ఆ హైబ్రిడ్డు తీసుకునుంటే ఇంకా బంకు చుట్టూ తిరుగుతూ ఉండేవాణ్ణి. ఎవడడిగినా ఒకటే చెబుతున్నా, తాతాజీ చెప్పాడు, తీసుకున్నా అని."

తాతాజీ లేచి నిలబడ్డాడు. చేతిలో పానా.

"అప్పుడెప్పుడో నేనేదో అన్నాను చూడు, నువ్వు అదేమీ మనసులో పెట్టుకోలేదు. అదయ్యా మంచితనమంటే. ఇంకొకడైతే ఈపాటికి ముంచేసేవాడు."

అంతే. మాట వచ్చేసింది. ఎదురుచూసిన మాట కాదు. దాని స్థానంలో ఇంకో మాట వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. అడగకుండానే మన్నింపు తీసేసుకున్నాడు ఈ మనిషి, బల్ల మీద ఉన్న గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నట్టు. కాలువలో చిన్న చప్పుడు మళ్ళీ వినబడింది తాతాజీకి. పదేళ్ళ బురద గొంతుదాకా వచ్చింది.

"ముంచుదామనే చెప్పానండి" అన్నాడు.

"ఆఁ?"

"మీకు హైబ్రిడ్డే మంచిదని నాకు తెలుసండి. అంటే, అప్పుడు అనుకున్నానండి. తెలిసే కరెంటుది చెప్పాను. అది వంతెన మీద ఆగాలనండి. మీరు మళ్ళీ నిలబడాలని. ప్రతి మంగళవారం ఇక్కడ కూర్చుని ఆగిందన్న కబురు కోసం చూశానండి. ఆగలేదు. అది నా మంచితనం కాదు బాబుగారూ. నా ఖర్మ."

మురళీకృష్ణ భుజాలు ఊగేలా, మంచు చెదిరేలా నవ్వాడు.

"ఓరి నీ వేళాకోళం తగలెయ్య! విన్నావా శ్రీదుర్గా? వంతెన మీద ఆగాలని చెప్పాడంట! తాతాజీ, నువ్వు ఇంత సరదా మనిషివని నాకు తెలీదయ్యా!"

తాతాజీ భుజం తట్టి, ఇంకా నవ్వుతూనే వెళ్ళి బండి ఎక్కాడు. తొమ్మిదేళ్ళ వీపుని ఎలా చూడలేదో, ఎదురుగా చెప్పిన పగని కూడా అలాగే చూడలేదు ఆయన. చెప్పుకాలికి తగిలిన ప్రతిదీ ఆయనకి రోడ్డే.

శ్రీదుర్గ నవ్వలేదు.

కిటికీలోంచి తాతాజీ కళ్ళలోకి చూసింది. ఆవిడకి అర్థమైంది. మీ సొంత చెల్లెలైతే అని తను అడిగిన పొద్దు, జబ్బు మనిషి దగ్గరికి తను వెళ్ళిన ప్రతి మంగళవారం, వంతెన మీద గాలికి కిటికీ దించుకుని గోదావరికి దండం పెట్టుకున్న ప్రతిసారీ, అన్నీ ఒక్కొక్కటిగా ఆవిడ ముఖంలో దాటిపోయాయి. తాతాజీ ఏదో అనబోయాడు. మాట కోసం వెతికాడు. ఆవిడకి చెప్పాల్సిన మాట తను పదేళ్ళుగా ఇంకొకరి నోటినుంచి వినాలనుకున్న మాటే. అది తన నోటికీ రాలేదు.

అద్దం పైకి లేచింది. బండి ఏ చప్పుడూ లేకుండా మంచులోకి వెళ్ళిపోయింది.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. తాతాజీ మాట ఊళ్ళలో అలాగే ఉంది, ఇంకా పెరిగింది కూడా. ఈ ఏడాది అతను చెప్పగా నలుగురు కరెంటు బళ్ళు కొన్నారు. ముందు సీటు అతనిదే. అయితే ఇప్పుడు ఎవరైనా "తీసుకోమంటారా?" అని అడిగితే వెంటనే జవాబు రాదు. తన గొంతు నిజమే చెబుతోందా అని ముందు తనే ఒకసారి వింటాడు.

మంగళవారం ఎనిమిదికల్లా అతను పని ఆపి రోడ్డు వైపు తిరిగి నిలబడతాడు. చెవికి అందని బండి కాబట్టి కళ్ళతోనే కాచుకోవాలి. తెల్లబండి మలుపులో కనబడుతుంది. మురళీకృష్ణ చెయ్యి ఊపుతాడు. పక్క సీట్లో శ్రీదుర్గ ఉంటుంది. బండి షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తల మెల్లగా అవతలి వైపుకి, కాలువ వైపుకి తిరిగిపోతుంది. బండి దాటిపోయేదాకా అలాగే ఉంటుంది.

ఒక్క వారం కూడా తప్పలేదు.